పదిహేడో నంబరు ప్రశ్న

ప్రసూతి వార్డు, నర్సుల గది
జూన్ 11

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు సంతకాలు చేసి నా దగ్గర వదిలి వెళ్ళిన లెటర్‌హెడ్లలో ఇవాళ ఇంకొకటి ఖర్చుపెట్టాను. ఖాళీ కాగితాల మీద సంతకాలు చెయ్యొద్దురా అని మీ బావ అప్పుడే మొత్తుకున్నాడు. "అక్క రాస్తే నేను రాసినట్టే" అని నువ్వు ఇరవై కాగితాల మీద గీకిపారేశావు. గెలిచిన మర్నాడు కదా, చెయ్యి ఊరుకోలేదు. ఈ నాలుగేళ్ళలో నువ్వు సభలో అడిగిన ప్రశ్నలన్నీ ఆ కాగితాల మీద నేను రాసినవే. ఇది పోను ఇంకా మూడు మిగిలాయి.

ఫోన్ చేద్దామంటే మీ దగ్గర ఫోనెత్తేది ఒకడు, వినేవాళ్ళు పదిమంది. అందుకే ఉత్తరం.

కొత్త ప్రసూతి భవనం కట్టి ఏడాదిన్నరైంది, ఇంతవరకూ తాళం తీయలేదు. ఎందుకని అడిగితే ఒకరు కరెంటంటారు, ఇంకొకరు నీళ్ళంటారు. కిటికీ తెరలకి కొలతలు తీసుకోవాలని పోయిన నెల నేనే తాళం తీయించి లోపలికి వెళ్ళాను. కాన్పుల గదిలో, సరిగ్గా బల్ల వేసే చోటుకి పైన, అడ్డదూలం నడుమ పగులు ఉంది. స్టూలెక్కి వేలు పెడితే బొటనవేలి గోరు దూరింది.

ఆస్పత్రి మరమ్మతులు చూసే ముసలి మేస్త్రీని పిలిచాను. ఆయన నిచ్చెనెక్కి పగులు పొడుగునా వేలితో తడిమి చూశాడు. దిగి వెళ్ళి సన్నటి గాజుముక్క తెచ్చి, పగులుకి అడ్డంగా పెట్టి, రెండు కొసలా సిమెంటుతో అతికించి, పక్కన మేకుతో తేదీ గీశాడు. "పగులు పాతదైతే గాజు నిలుస్తుందమ్మా. ఇంకా నడుస్తున్నదైతే విరుగుతుంది. గాజుకి మొహమాటాలు ఉండవు" అన్నాడు.

పదకొండో రోజున విరిగింది. కింద ఒక్క మంచం లేదు, పైన ట్యాంకులో చుక్క నీరు లేదు, అయినా విరిగింది. రేపు ట్యాంకు నిండి, పై అంతస్తులో నలభై మంది తిరుగుతుంటే ఏమవుతుందో నువ్వే ఆలోచించు.

పాత వార్డు సంగతి నీకు తెలియనిది కాదు. మంచానికి ఇద్దరు, వానొస్తే మంచం కింద బకెట్టు. కొత్త భవనం కావాలని అందరికంటే ఎక్కువ కొట్టుకున్నది నేనే. అలాగని నొప్పులు పడే మనిషిని ఆ దూలం కింద పడుకోబెట్టమంటే నా వల్ల కాదు.

ప్రశ్న మూడు ముక్కల్లో రాశాను. దూలం పగిలిన మాట నిజమేనా? ఇంజనీరు పరీక్షించాడా? ఆ నివేదిక సభ ముందు పెడతారా? మంత్రి "లేదండీ" అంటాడు. అప్పుడు ఊరుకోకు. లేచి గాజు సంగతి అడుగు. విరిగిన ముక్కని దూదిలో చుట్టి దీంతోపాటు పంపుతున్నాను. చూసి తీయి, గుచ్చుకుంటుంది.

అక్క


శాసనసభ్యుల క్వార్టర్స్, రెండో అంతస్తు
జూలై 2

అక్కా,

లాటరీ తగిలింది! చీటీల్లో మన ప్రశ్నకి పదిహేడో నంబరొచ్చింది. ఇరవై దాకా ఎలాగూ వస్తాయి కనుక మనది ఖాయం.

నువ్వు ప్రతిసారీ అడుగుతావు, నేను ప్రతిసారీ చెబుతాను. సభ్యుడు తన సీట్లో ఉండాలి, నంబరు పిలవగానే లేచి నిలబడాలి. అంతే రూలు. నిలబడితే మంత్రి జవాబు చదువుతాడు, మనం ఎదురు ప్రశ్నలు వేసి ఉక్కిరిబిక్కిరి చేయొచ్చు. మనిషి లేకపోతే మాత్రం మంత్రి రాసిచ్చిన జవాబే చదివినట్టు లెక్క, ఇంక దాని మీద కిక్కురుమనడానికి వీల్లేదు. ఇక్కడ కొందరు ఘనులు ప్రశ్న వేసి, ఎవరో ఒకరు కన్ను గీటగానే క్యాంటీన్లో కూర్చుంటారు. సిగ్గూ శరం లేని జనం. వాళ్ళని చూసినప్పుడల్లా నువ్వు గుర్తొస్తావు. నీ చేతికి చిక్కితే మంచం కోడుకి కట్టేస్తావు.

గాజుముక్క నా టేబుల్ మీదే ఉంది. పక్క గది సభ్యుడు చూసి ఏమిటిదని అడిగాడు. "మా అక్క ఇచ్చిన సాక్షి" అన్నాను.

అన్నట్టు, ఇవాళ పార్టీ ఆఫీసులో మా పెద్దాయన నన్ను పేరు పెట్టి పిలిచారు. నాలుగేళ్ళలో ఇదే మొదటిసారి. ఇన్నాళ్ళూ "ఏమయ్యా" అనేవారు. టీ తాగి వెళ్ళమన్నారు. ఆస్పత్రి గురించి కూడా అడిగారు. ఎందుకో మరి.

నీ తమ్ముడు


శాసనసభ్యుల క్వార్టర్స్
జూలై 19

అక్కకు నమస్కారములు.

ఇక్కడ అందరం క్షేమం. మీరందరూ క్షేమమని తలుస్తాను.

మన ప్రశ్న రాలేదు. పదహారో నంబరు దగ్గరే సమయం అయిపోయింది. అధికారపక్షం వాళ్ళూ ప్రతిపక్షం వాళ్ళూ అరుచుకోవడంతోనే గంట గడిచిపోయింది. మంత్రిగారి రాతపూర్వక జవాబు ఇచ్చారు. అ) లేదండీ. ఆ), ఇ) ప్రశ్న ఉత్పన్నం కాదు. మరో సందర్భంలో మళ్ళీ ప్రస్తావిస్తాను. నువ్వు మనసు పాడుచేసుకోవద్దు.

బావగారికి నా నమస్కారాలు చెప్పగలవు.

ఇట్లు,
నీ తమ్ముడు


ప్రసూతి వార్డు, నర్సుల గది
ఆగస్టు 6

తమ్ముడూ,

"నమస్కారములు", "తలుస్తాను", "చెప్పగలవు". నీ ఉత్తరం చదువుతుంటే ఎవరింట్లోనో పెళ్ళి శుభలేఖ చదివినట్టుంది. చిన్నప్పుడు పలక పగలగొట్టిన రోజున కూడా నువ్వు ఇలాగే మర్యాదగా మాట్లాడావు. అప్పుడే అనుమానం వచ్చింది.

ఒక్క సంగతి మరిచిపోయావు. సభలో మాట్లాడినదంతా అచ్చు వేసి మన ఊరి పఠనాలయానికి పంపిస్తారు. అక్కడి ముసలాయన ఆ పుస్తకాలు నాకోసమే బీరువాలో తీసి ఉంచుతాడు. అతుక్కున్న పుటల్ని స్కేలుతో కోసి చదివేది ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే. నాలుగేళ్ళుగా నువ్వు లేచి మాట్లాడిన ప్రతి ముక్కా అలాగే చదివాను, మురిసిపోయాను. ఈసారీ కోశాను. ఇదిగో, ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"అధ్యక్షులు: పదిహేడు. (సభ్యులు తమ స్థానంలో లేరు.) పదిహేడు. (లేరు.)
ఒక సభ్యులు: అధ్యక్షా, ఇప్పటిదాకా ఇక్కడే కూర్చుని ఉన్నారు. వారి తరఫున నేను అడుగుతాను.
అధ్యక్షులు: వారి రాతపూర్వక అనుమతి ఉందా?
ఒక సభ్యులు: లేదు. ఆడవాళ్ళ ఆస్పత్రి సంగతి అధ్యక్షా.
అధ్యక్షులు: అయితే కూర్చోండి. పద్దెనిమిది."

ఆ తర్వాత ఇరవై మూడో నంబరు దాకా నడిచింది. పదహారు దగ్గర గంట ఆగిపోయిందా? నేను పురుటి నొప్పుల మధ్య నిమిషాలు లెక్కపెట్టే మనిషినిరా. నాకా లెక్క చెబుతావు?

లేచి నిలబడింది ప్రతిపక్షంలోని ఆ మీసాలాయనట. నువ్వు ఎప్పుడూ వెక్కిరిస్తుంటావే, నిద్రపోతే మీసం కూడా గురక పెడుతుందని, ఆయనే. ఆయనకి మన ఊరు ఏ మూల ఉందో కూడా తెలియదు. ఓట్లేయించుకున్నది మాత్రం నువ్వు. ఎక్కడున్నావు? క్యాంటీన్లోనా? ఎవరు కన్ను గీటారు?

జరిగింది విను. మంత్రి "లేదండీ" అన్నాడు, ఎదురడిగే దిక్కు లేదు, కనుక అది నిజమైపోయింది. మొన్న మా సూపరింటెండెంటు నోటీసు అంటించాడు: "కొత్త భవనంలో ఎటువంటి పగుళ్ళూ లేవని శాసనసభలో స్పష్టం చేసినందున, సెప్టెంబరు నెలాఖరులోగా వార్డును మార్చవలెను." నేను ఆయన్ని పిలుచుకెళ్ళి దూలం చూపించాను. తలెత్తి చూశాడు. "సిస్టర్, నాకూ కనిపిస్తూనే ఉంది. కానీ సభలో లేదన్నాక, ఉందనడానికి నేనెవర్ని?" అన్నాడు.

వార్డులో ఆడవాళ్ళు సంబరపడుతున్నారు. నెలలు నిండిన ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "మీ తమ్ముడు గట్టిగా అడగబట్టేగా సిస్టర్, ఇన్నాళ్ళకి తలుపులు తీస్తున్నారు" అంది. ఏం చెప్పమంటావు ఆవిడకి? నాకు తల కొట్టేసినట్టయింది.

నాకు జవాబు కావాలి. మర్యాదలు అక్కర్లేదు.

అక్క


సచివాలయం, మూడో అంతస్తు
ఆగస్టు 20

అక్కా,

మొదట ఒక వార్త. నిన్న ప్రమాణం చేశాను. ఆరోగ్యశాఖ సహాయమంత్రిని. కాగితం మీద ముద్ర చూసే ఉంటావు.

జవాబు కావాలన్నావు. నేను క్యాంటీన్లో లేను. తలుపు బయట కారిడార్లో నిలబడ్డాను. రెండుసార్లు పిలవడం వినిపించింది. చాలా?

నీకు ఇక్కడి సంగతులు తెలియవు. ఆ భవనం కట్టిన కాంట్రాక్టరు మా పెద్దాయనకి కుడిభుజం. "నువ్వా ప్రశ్న వెయ్యకముందు నాకొక మాట చెప్పాల్సింది" అన్నారాయన. కేకలెయ్యలేదు. టీ పోసి మరీ చెప్పారు. నాలుగేళ్ళు వెనక బెంచీలో కూర్చుని అరిచి నేను సాధించిందేమిటి? నువ్వు రాసిన ప్రశ్నలు ఎన్ని అడిగాను, ఎన్ని పనులయ్యాయి? నాలుగు కల్వర్టులు, ఒక బస్సు. ఒక్క ప్రశ్న వదులుకుంటే శాఖే చేతికొచ్చింది. రేపు పది ఆస్పత్రులు కట్టిస్తాను. పట్టువిడుపులు లేకపోతే రాజకీయం ఎలా చేస్తాం?

ఎవరో మేస్త్రీ గాజుపెంకు అతికించాడని మొత్తం ప్రభుత్వాన్ని దోషిని చేస్తామా? అవసరమైతే దూలానికి ప్లాస్టరింగ్ చేయిస్తారు. చెప్పాను.

సెప్టెంబరు 30న ప్రారంభోత్సవానికి నేనే వస్తున్నాను. సొంత ఊరు, సొంత శాఖ, సొంత అక్క పనిచేసే వార్డు. ఆ రోజు నువ్వు నా పక్కన నిలబడాలి. పేపర్లవాళ్ళతో మాట్లాడకు. నువ్వు ప్రభుత్వోద్యోగివి, గుర్తుంచుకో. ఇది తమ్ముడిగా చెబుతున్నాను.

నా సంతకాలున్న లెటర్‌హెడ్లు నీ దగ్గర మూడు ఉండాలి. వెంటనే తిప్పి పంపు.

తమ్ముడు


ప్రసూతి వార్డు, నర్సుల గది
సెప్టెంబరు 5

గౌరవనీయులైన సహాయమంత్రి గారికి,

"తమ్ముడిగా చెబుతున్నాను" అన్నావు. మంత్రిగా చెప్పాల్సింది మీ ఆఫీసు నాలుగు రోజులకే చెప్పింది. బదిలీ ఆర్డరు వచ్చింది. ఇరవై రెండేళ్ళు కాన్పులు చేసిన దాన్ని ఎక్కడో కళ్ళ ఆస్పత్రికి వేశారు. అక్టోబరు ఒకటిన చేరాలట. నీకు తెలియదని మాత్రం రాయకు. తెలిసి చేయిస్తే ద్రోహం, తెలియకుండా జరిగితే నువ్వెందుకు అక్కడ? రెంటిలో ఏది ఒప్పుకుంటావో నీ ఇష్టం.

ప్లాస్టరింగ్ చేయించావు. చూశాను. ఇద్దరు మనుషులు వచ్చి ఒక్క పూటలో పగులు మీద పూత పూసి సున్నం కొట్టి వెళ్ళారు. పుండు మీద పౌడరు రాసి మానిందనే నర్సు ఉంటే నేను చెంప పగలగొట్టేదాన్ని. మా మేస్త్రీ ఆ పూత మీద మళ్ళీ గాజు అతికించాడు. ఈసారి ఎనిమిది రోజులే ఆగింది. ఆ ముక్క కూడా పంపుతున్నాను. మొదటిది నీ టేబుల్ మీద ఉందో, చెత్తబుట్టలో ఉందో.

ఒక్క ప్రశ్న వదులుకుంటే శాఖ వచ్చిందన్నావు. సంతోషం. అయితే ఆ ప్రశ్న నీది కాదురా వదులుకోవడానికి. మంచానికి ఇద్దరు చొప్పున పడుకుని పొట్ట పట్టుకుని ఎదురుచూస్తున్న వాళ్ళది. వాళ్ళ సొమ్ము వాళ్ళకి తెలియకుండా అమ్ముకుని, లాభం వచ్చిందని నాకు చెబుతున్నావు. నీ కల్వర్టుల్ని చులకన చేశావు కానీ, ఆ నాలుగు కల్వర్టుల మీద జనం ఇవాళ్టికీ నడుస్తున్నారు. అవి అడిగి తెచ్చినవాడు నా తమ్ముడు. వాడంటే నాకు ప్రాణం. ఇప్పుడు ముద్ర వేసిన కాగితం మీద రాస్తున్నవాడెవడో నాకు తెలియదు.

లెటర్‌హెడ్లు అడిగావు. రెండు ఖాళీవి తిప్పి పంపుతున్నాను. మూడోదాని మీద నాలుగు వాక్యాలు రాశాను. కింద నీ సంతకం ఎలాగూ ఉంది.

"ఈ నియోజకవర్గ శాసనసభ్యుడినైన నేను కొత్త ప్రసూతి భవనంలోని కాన్పుల గదిని స్వయంగా చూశాను. దూలంలో పగులు లేదు. గర్భిణులను అందులోకి మార్చవచ్చును. ఏమైనా జరిగితే పూచీ నాది."

దొంగచాటుగా వాడుకోదలిస్తే ఈపాటికి వాడేదాన్ని. నీకే పంపుతున్నాను. ఇది నిజమని నీ మనసుకి అనిపిస్తే ఉన్నదున్నట్టు తిప్పి పంపు. వార్డు తలుపుకి అంటించి, మంచాలు నేనే దగ్గరుండి మోయిస్తాను. ముప్పయ్యో తారీఖున నీ పక్కన నవ్వుతూ నిలబడతాను. పేపర్లవాళ్ళకి ఫొటో కూడా ఇస్తాను. నిజం కాదనిపిస్తే కాదని ఒక్క ముక్క రాయి, దాన్ని తలుపుకి అంటిస్తాను. రెండూ కాదని కారిడార్లో నిలబడితే మాత్రం ఒప్పుకోను.

అక్క


సచివాలయం, మూడో అంతస్తు
సెప్టెంబరు 17

అక్కా,

నువ్వు పంపిన కాగితం తిప్పి పంపుతున్నాను. మంత్రులు వ్యక్తిగతంగా ఇలాంటి పూచీలు ఇవ్వడం పద్ధతి కాదు. అందువల్ల సంతకం ఉన్న భాగం తీసేశాను.

ఇక ఈ విషయంలో ఉత్తరాలు వద్దు.

తమ్ముడు


కళ్ళ ఆస్పత్రి, పురుషుల వార్డు
నవంబరు 4

తమ్ముడూ,

వద్దన్నావు కానీ రాస్తున్నాను. ఇదే ఆఖరు, ఆ తర్వాత ముఖాముఖీ.

ప్రారంభోత్సవం ఎందుకు ఆగిందో నీకు ఫైల్లో ఏదో ఒకటి రాసి పంపే ఉంటారు. అసలు సంగతి నేను చెబుతాను.

నీ కవరు విప్పితే కాగితం బయటపడింది. నాలుగు వాక్యాలూ నిక్షేపంగా ఉన్నాయి. కింద సంతకం ఉండాల్సిన చోట నలుచదరంగా కన్నం ఉంది. చింపలేదు. కత్తెరతో, గీత పెట్టుకుని మరీ, శుభ్రంగా కోశావు. ఎంత జాగ్రత్త! "కాదు" అని రెండక్షరాలు రాయడానికి చెయ్యి రాలేదు కానీ, పేరు తప్పించుకోవడానికి కత్తెర దొరికింది. కోపంతో నాకు కాసేపు కళ్ళు కనబడలేదు. మీ బావ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "వాడు జవాబు రాశాడే. ఇంతకంటే తెలిసేట్టు ఎవడూ రాయలేడు" అన్నాడు. అప్పుడు వెలిగింది నాకు.

మర్నాడు పొద్దున్నే దాన్ని పట్టుకెళ్ళి సూపరింటెండెంటు టేబుల్ మీద పెట్టాను. పక్కనే నీ ఉత్తరం కూడా. ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. కాగితాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి, ఆ కన్నంలోంచి నావైపు చూశాడు.

"ఇదేమిటి సిస్టర్?"

"మా తమ్ముడి సంతకం సార్. ఉండేది. పూచీ మాట చూశాక తీసేసుకున్నాడు."

"మంత్రిగారే తీసేసుకున్నారా?"

"తన చేత్తో."

కాగితం నా చేతికి తిరిగిచ్చేశాడు. తర్వాత బంట్రోతుని పిలిచి, వార్డు మార్చమన్న తన నోటీసు పీకి తెమ్మన్నాడు. "అంతటివాడే చెయ్యి వెనక్కి తీసుకున్న చోట నన్నెందుకమ్మా ఇరికిస్తారు? ఇంజనీరు రాతపూర్వకంగా బాగుందని ఇచ్చేదాకా ఒక్క మంచం కదలదు" అని ఆర్డరు రాసి, ముద్ర కొట్టి, భవనానికి మళ్ళీ తాళం వేయించాడు. నెలన్నర కావస్తోంది, ఏ ఇంజనీరూ బాగుందని రాయడానికి ముందుకు రాలేదు. పగులు చూసి భయపడని మనిషి నువ్వు చేసిన కన్నం చూసి భయపడ్డాడు. నీ సంతకం ఈ నాలుగేళ్ళలో నాలుగు కల్వర్టులు, ఒక బస్సు తెచ్చింది. అది లేకపోవడం కొంతమంది ప్రాణాలు కాపాడింది. నిన్ను మెచ్చుకోవాలో తిట్టాలో తెలియక తిడుతున్నాను.

నన్ను మాత్రం కదిపారు. ఇక్కడ రోజూ పొద్దున జనం కళ్ళకి కట్లు విప్పడం నా పని. బాగానే ఉంది. పాత వార్డులో ఇప్పటికీ మంచానికి ఇద్దరే, వానొస్తే బకెట్టే. దూలం పడగొట్టి మళ్ళీ సరిగ్గా కట్టించే వరకూ నేను ఊరుకోను.

అందుకే ఒక పని చేశాను. మీసాలాయనకి ఉత్తరం రాశాను. ఆయన వెంటనే జవాబిచ్చాడు. దస్తూరి కోడి గీకినట్టుంటుంది కానీ మాట మాత్రం సూటిగా ఉంది. అవే మూడు ముక్కలు, అవే మాటలు ఆయన పేరు మీద సభకి వెళ్ళాయి. కింద నాలుగోది కొత్తగా చేర్చాను: "సదరు దూలం కింద గర్భిణులను ఉంచవచ్చునని పూచీ ఇవ్వడానికి గౌరవ సహాయమంత్రి నిరాకరించిన మాట నిజమేనా?" కన్నం ఉన్న కాగితం ఆయన దగ్గరే ఉంది. చీటీల్లో రెండో నంబరొచ్చింది. సమయం చాలదన్న బెంగ లేదు.

మీ శాఖ పెద్దమంత్రి జబ్బుపడి సెలవులో ఉన్నాడనీ, ఈ సమావేశాల్లో ఆరోగ్యశాఖ జవాబులన్నీ నువ్వే చదువుతావనీ పేపర్లో చూశాను. జవాబు చెప్పే మంత్రి కారిడార్లోకి వెళ్ళడానికి వీల్లేదట, మీసాలాయన చెప్పాడు.

నాకు గ్యాలరీ పాసు వచ్చింది, సెలవు మంజూరైంది. మొదటి వరసలో కూర్చుంటాను. తలెత్తితే కనిపిస్తాను. జవాబు కాగితం మీద "లేదండీ" అని రాసి ఇస్తారు నీకు. చదువుతావో, పక్కన పెట్టి ఉన్నమాట చెబుతావో చూస్తాను. ఏం చెప్పినా అచ్చవుతుంది, పుటలు కోసి నేను మళ్ళీ చదువుతాను.

మనిషి సీట్లో ఉండాలి, నంబరు పిలవగానే లేచి నిలబడాలి. అంతే రూలు. నువ్వే రాశావు.

అక్క